‘అఖండ స్పష్టత’: సటీకా తాత్పర్యం

మూలం: “పదహారు బిట్ల అఖండ స్పష్టత!”

అవతారిక: ఇది ఒకానొక రేడియో ట్రాన్స్‌మిటర్ కరపత్రంలోని ప్రథమ వాక్యం. కవి అజ్ఞాతుడు. ఛందస్సు లేదు, ఆశ్చర్యార్థకం మాత్రం ఉన్నది. అంకెల వరుసను అలగా మార్చి యాంటెనా దారి పట్టించే డీఏసీ ఇందులో నాయకుడు. రసం వీరం.

టీక: పదహారు, స్పష్టం. బిట్ల, స్పష్టం. అఖండ... ఇక్కడ ఆగాలి.

డీఏసీ నోట వెలువడేది అఖండం కాదు, మెట్ల వరుస. ఒక విలువను అందుకున్నాక క్లాక్ మళ్లీ కొట్టేదాకా దాన్ని వదలదు. ఆ పట్టు వల్ల శాంప్లింగ్ వేగంలో సగం దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ 3.9 డెసిబెల్స్ కుంగుతుంది. ఇది క్షమించదగిన దోషమే. ఎంత కుంగేదీ ముందే తెలుసు గనుక ముందే అంత ఎత్తి పంపవచ్చు.

పూర్వపక్షం: “65,536 మెట్లుండగా అఖండమంటే తప్పేమి?”

సమాధానం: మెట్టు ఎంత సన్ననిదని కాదు, అడుగు ఎప్పుడు పడిందని అడగాలి. కోలాచల మల్లినాథసూరి అవసరం లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. నాకట్టి నియమం లేదు. పద్యంలోనూ అడుగు పడే చోటే ముఖ్యం: ఉత్పలమాలలో యతి పదో అక్షరం, చంపకమాలలో పదకొండు, శార్దూలంలో పదమూడు, మత్తేభంలో పద్నాలుగు. ఎంత తీయని అక్షరమైనా ఒక్క గడి ఇటు జరిగి కూర్చుంటే యతిభంగమే. ఆ భయానికే ఎందరో కవులు “వేడ్కన్”, “నెమ్మిన్”, “ఒప్పుగన్” అని దొరికినదాన్ని దూర్చి గట్టెక్కారు. ఒక్క “ఒప్పుగన్” ఎన్ని పద్యాల పరువు నిలిపిందో లెక్కగట్టే పరిశోధకుడు ఇంకా పుట్టవలసి ఉంది. ఇక అవధానులు! పక్కన గంట గణగణమంటున్నా ఆ గంటలూ లెక్కపెడతారు, యతీ తప్పరు. వారి తలలో ఏ క్రిస్టల్ బిగించారో గాని... ప్రకృతానికి వద్దాం.

క్లాక్ ఒక పికోసెకండు తడబడిందనుకోండి. ఆపాటి సేపట్లో కాంతి నడిచేది 0.3 మిల్లీమీటర్లు. మన ఎఫ్ఎం పట్టీ నడుమ ఉండే 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను డీఏసీ నేరుగా పుట్టిస్తుంటే, ఆ తడబాటు ఒక్కటే నాయిస్‌కూ సిగ్నల్‌కూ ఎడాన్ని 64 డెసిబెల్స్ దగ్గర ఆపేస్తుంది. పదహారు బిట్ల లెక్కన రావలసింది 98. చేతికి దక్కేది పది బిట్ల పైచిలుకు. తక్కినవి కరపత్రాన్నే అలంకరించి ఉంటాయి. కుంగుబాటులా దీన్ని ముందే సరిదిద్దే దారి లేదు. ఏ అడుగు ఎటు తడబడుతుందో ఎవరికి తెలుసు?

అయినా కొనుగోలు కమిటీ అడిగేది “ఎన్ని బిట్లు?” అని ఒక్కటే. ఈ తడబాటు, అదే జిట్టర్, మాటెత్తిన ఇంజినీరును జాలిగా చూస్తారు. ఖర్చు తగ్గించమనగానే మొదటి కత్తెర క్లాక్ మీదే. పొరుగు చానెల్‌లోకి నాయిస్ పాకిందని ఫిర్యాదు వచ్చాక స్పెక్ట్రమ్ ఎనలైజర్ ముందు తెల్లవార్లూ కూర్చునేది ఆ జాలిపడిన మహానుభావులా? ఆ ఇంజినీరే!

స్పష్టత: ఈ పదానికి మూలకర్తే చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో వ్యాఖ్య రాసుకున్నాడు: “తగిన బాహ్య క్లాక్‌తో.”

తాత్పర్యం: క్లాక్ విడిగా కొనవలెను.