విమానం పక్కన బంతి భోజనం

2017 నిబంధనల ప్రకారం విమానంలో ప్రయాణికుడు నోరు జారితే 3 నెలల దాకా, చేయి చేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే కనీసం రెండేళ్లు నిషేధం. తప్పతాగి సిబ్బందిపై వీరంగం వేసేవాళ్లకు పడాల్సిందే! మరి సంస్థే సతాయిస్తే? 2024 జనవరిలో గోవా నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఇండిగో విమానం పొగమంచు దెబ్బకు ముంబయిలో దిగింది. గంటల తరబడి ఎదురుచూసి విసిగిపోయిన జనం విమానం పక్కనే నేల మీద చతికిలబడి భోంచేశారు. పౌర విమానయాన భద్రతా విభాగం ఇండిగోకు రూ.1.20 కోట్ల జరిమానా వేసింది. సొమ్ము సర్కారు ఖజానాకు, దుమ్ము ప్రయాణికుడి ప్యాంటుకు! ఏలినవారూ, నిషేధాల చిట్టా ప్రయాణికుడికేనా? సంస్థలకూ ఒకటి తెరవండి.