మీ కొత్త ఇంజన్‌కు మా పాత చెవుల విన్నపం

మహారాజశ్రీ సౌండ్ సాఫ్ట్‌వేర్ కంపెనీవారి ప్రకటనల విభాగం పెద్దల దివ్యసముఖమునకు,

హైదరాబాద్ కృష్ణానగర్‌లో, రెండో అంతస్తులో, చిన్న స్టూడియో పెట్టుకుని బతుకుతున్న మిక్సింగ్ ఇంజనీరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నారని రోజు విడిచి రోజు వచ్చే మీ మెయిళ్ళే చెబుతున్నాయి.

కొత్త వెర్షన్ గురించి తమరు పంపినది చదివి కళ్ళు చెమర్చాయి. సౌండ్ ఇంజన్‌ను పునాదుల నుంచి తిరగరాశారట. లోతు పెరిగిందట, వెచ్చదనం వచ్చిందట, వాయిద్యానికీ వాయిద్యానికీ మధ్య గాలి ఆడుతుందట. మా వీధిలో ఇంటికీ ఇంటికీ మధ్యే గాలి ఆడదు. పాటలోనైనా ఆడిస్తామన్నారు, అదే పదివేలు.

ధర డాలర్లలో, దానిమీద 18 శాతం జీఎస్టీ, ఆపైన బ్యాంకువాడి విదేశీ మారకం వడ్డన. కట్టాను. కట్టక చస్తానా? మీ వీడియో నా ఒక్కడి ఫోన్‌లోనే ఉందా? జానపద పాట చేయించుకోవడానికి వచ్చిన తమ్ముడు దాన్ని నా ముందు పెట్టి, “అన్నా, పాతదాంట్ల చేస్తే సౌండ్ పల్చగ వస్తదంట గదా? పక్క స్టూడియోల కొత్తది ఎక్కిచ్చిన్రట” అన్నాడు. ఆ పాట పోయేది యూట్యూబ్‌కి. జనం వినేది బస్సులో, ఫోన్ స్పీకర్‌లో. డప్పు కింది దరువు ఆ స్పీకర్‌లోంచి సగం బయటికే రాదు. అయినా ఆ అబ్బాయికి కావలసింది కొత్త వెర్షన్.

ఎక్కించిన రాత్రే కూర్చున్నాను. అదే సెషన్, అవే ట్రాకులు, అవే ఫేడర్లు. పాతదాంట్లో ఒకసారి, కొత్తదాంట్లో ఒకసారి బౌన్స్ చేశాను. డిథర్ ఆపేశాను. ప్రతిసారీ ఒక్కోలా మారే కోరస్‌ను, రివర్బ్‌ను ముందే ఆడియోగా దింపుకున్నాను, మీవాళ్ళు వంక పెట్టడానికి సందు ఉండకూడదని. రెండు ఫైళ్ళూ ఒకదానికింద ఒకటి పెట్టి, ఒకదాని ఫేజ్ తిప్పి, రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి కనుక, రెంటినీ కలిపి ప్లే చేశాను.

మీటరు లేవలేదు. డప్పు పడేచోట లేవలేదు, పల్లవి ఎత్తుకునేచోట లేవలేదు, చివర్లో అందరూ కలిసి గోల పెట్టేచోటా లేవలేదు. వాల్యూమ్ ఆఖరికంటా తిప్పాను. నా స్పీకర్ల సొంత బుస తప్ప ఏమీ వినబడలేదు. ఒక్క శాంపిల్ తేడా ఉన్నా మీటరు ఎక్కడో అక్కడ ఉలిక్కిపడాలి కదా! మరి వెచ్చదనం ఎక్కడండీ? ఆ లోతు ఏ గోతిలో ఉంది? ట్రాకులు కలపడమంటే అంకెలు కూడడం. మీ పాత వెర్షన్‌లో రెండూ రెండూ నాలుగే, కొత్తదాంట్లోనూ నాలుగే. ఆ నాలుగుకి నా దగ్గర ఇంకోసారి డబ్బులు గుంజారు. ఇది దోపిడీ. మర్యాద కావాలంటే వెనక్కి వెళ్ళి పై పేరాల్లో చదువుకోండి, ఇక్కడ నుంచి నా దగ్గర లేదు.

మీ వీడియోలో ‘ముందు’, ‘తర్వాత’ అని వినిపించారే, దాన్నీ కొలిచాను. ‘తర్వాత’ది డెసిబెల్ పైచిలుకు గట్టిగా ఉంది. గట్టిగా ఉన్నదే బాగున్నట్టు తోచడం మనిషి చెవి బలహీనత. అది మా వృత్తిలో మొదటి వారమే నేర్పుతారు, మీకు తెలియకపోవడమేమిటి? సంతలో తూకం వేసేవాడు తక్కెడ కింద వేలు పెట్టినట్టుంది. ఆ వేలు తీసి, లెవెల్ సరిచేసి, నా కుర్రాడికి ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. వాడు పాతదే బాగుందన్నాడు, తర్వాత కొత్తదే అన్నాడు, ఆ తర్వాత టీ తెస్తానని వెళ్ళాడు.

ఇక మీ ప్లగిన్లలోని ఆ ‘అనలాగ్’ బటన్. నొక్కితే టేపు బుస, కరెంటు గుర్రు వస్తాయి. ఆ గుర్రు 50 హెర్ట్జ్ కావాలా, 60 కావాలా అని మళ్ళీ ఎంపిక! అయ్యా, ఆ 50 హెర్ట్జ్ హమ్ పోగొట్టడానికే స్టూడియో మొత్తం ఎర్తింగ్ తవ్వించుకున్నాం, వైర్లు మార్చుకున్నాం. అపార్ట్‌మెంటు లిఫ్టు కదిలినప్పుడల్లా మాకు అది ఉచితంగానే వస్తుంది.

ఫలానా సాఫ్ట్‌వేర్‌లో ‘బాడీ’ ఎక్కువని ఒట్టేసి చెప్పే మిత్రులు నాకూ ఉన్నారు. ఒకదాంట్లో మోనో ట్రాక్ మధ్యలో పెడితే 3 డెసిబెల్స్ తగ్గుతుంది, ఇంకోదాంట్లో తగ్గదు. ఆ పాన్ లా సెట్టింగ్ సరిచేస్తే బాడీ సర్దుకుంటుంది. చెబితే మాట్లాడ్డం మానేశారు.

192 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు సంగతి ఎత్తితే తెల్లారుతుంది. బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అనే ఇద్దరు 2007లోనే అచ్చులో పెట్టారు: హై రెజల్యూషన్ డిస్కు ఆడుతుంటే మధ్యలో సీడీ స్థాయి, అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, అడ్డం పెట్టి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 సార్లు అడిగితే సరైన జవాబు వచ్చింది 276 సార్లు. రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే పడుతుంది. 16 బిట్లకే 96 డెసిబెల్స్ చోటుంది, నా బూత్‌లో పక్కింటి కుక్కర్ విజిల్‌కే దాంట్లో చాలా భాగం పోతోంది.

అన్నీ బూటకమని నేననను. పాట టెంపో తగ్గిస్తే గొంతు సాగిపోకుండా నిలబెట్టడంలో ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కూ పదేళ్ళ కిందటిదానికీ పోలికే లేదు. డిస్టార్షన్ ప్లగిన్లలో ఓవర్‌శాంప్లింగ్ వచ్చాక తాళాల మీద ఆ గాజు పెంకుల చప్పుడు పోయింది. వాటికి సంతోషంగా కట్టాను. అవి ఫేజ్ తిప్పితే కనబడే తేడాలు. మీ ప్రకటనలో వాటి ఊసే లేదు, ఉన్నదంతా గాలీ వెచ్చదనమూ.

ఎలాగూ రాస్తున్నాను కనుక: లైసెన్సు దాచిన ఆ డాంగిల్ పోతే సాఫ్ట్‌వేర్ మళ్ళీ కొనుక్కోమనడం ఏం న్యాయం? కొన్నదాన్ని నెలవారీ అద్దెకు మార్చమని రోజూ ఆ పాపప్ ఎందుకు? ‘ఇండియా’ అని మీరిచ్చిన శాంపిల్స్‌లో సితారూ తబలా తప్ప ఒక డప్పు లేదు, ఒక నాదస్వరం లేదు. సరే, అది ఇంకో ఉత్తరం.

అసలు ఆపద ఇది. కొత్త వెర్షన్‌లో ఒకసారి సేవ్ చేసిన సెషన్ పాతదాంట్లో తెరుచుకోదట. మీ మెయిల్లో ఎక్కడా లేదు, నాకు ఎర్రక్షరాల్లో తెర మీద కనబడింది. పాటగాళ్ళ గొంతు సరిచేసే నా ట్యూనింగ్ ప్లగిన్ కొత్తదాంట్లో లేవడం లేదు. పోనీ వెనక్కి వెళదామంటే ఆ రాత్రి పరీక్ష కాగానే కంప్యూటర్‌లోంచి పాతది తీసేశాను, మీ సైట్‌లో దాని ఇన్‌స్టాలర్ లింకు లేదు. సహాయం పెట్టెలో అడిగితే, అప్‌గ్రేడ్ చేసుకోమని మర మనిషి జవాబిచ్చింది.

అయ్యా, తిట్టినవన్నీ మరిచిపోండి. గాలి మీరే ఉంచుకోండి, వెచ్చదనమూ మీరే ఉంచుకోండి, కట్టిన డబ్బూ అడగను. ఆ పాత ఇన్‌స్టాలర్ లింకు ఒక్కటి పెట్టించండి, సేవ్ అయిన సెషన్ వెనక్కి తెరిచే దారి ఏదైనా ఉంటే చెప్పండి. పండగ లోపల పాట పెట్టాలని ఆ తమ్ముడు పూటకోసారి ఫోన్ చేస్తున్నాడు, అడ్వాన్సు కూడా ఇచ్చి ఉన్నాడు. మనిషి ఎవరైనా చదివితే, నా ఫిర్యాదు నంబరు మీ పెట్టెలోనే ఉంది.

ఇట్లు,
తమ పాత కొనుగోలుదారు