తిరుపతికి సముద్రం వచ్చింది

2022 ఏప్రిల్ 4న తెల్లారేసరికి తిరుపతికి సముద్రం వచ్చింది. ఉప్పెన వల్ల కాదు, గెజిట్ వల్ల. కొత్త జిల్లాలు కట్టేటప్పుడు నెల్లూరు జిల్లాలోంచి గూడూరు, సూళ్లూరుపేట వైపు కొంత కోసి మాకు అతికించారు. దాంతోపాటే పులికాట్ సరస్సు, శ్రీహరికోట, వాకాడు మండలంలోని తూపిలిపాలెం బీచి మా లెక్కలోకి వచ్చాయి. 1911లో చిత్తూరు జిల్లా పుట్టినప్పటి నుంచి కొండలు, చెరువులు, ఎండిన చెరువులు తప్ప ఎరగని జనం ఒక్క రాత్రిలో కోస్తావాళ్ళయిపోయాం. ఇకమీదట మనం సీమవాళ్ళమా, కోస్తావాళ్ళమా అని మా వీధి టీ కొట్టు దగ్గర కొన్నాళ్ళు గట్టి వాదనే నడిచింది. "ఎవురైనా సరే, పాత బాకీ కట్టండబ్బా" అని కొట్టాయన అనడంతో అది చప్పున చల్లారింది.

నేనూ ఆ సముద్రాన్ని పట్టించుకోలేదు, మా అక్క కొడుకు మధ్యధరా తీరమంతా తిరిగొచ్చి టీవీలో ఫొటోలు చూపించేదాకా. కొండ మీద కోట, కోట కింద పాత ఊరు, ఊరు దిగితే నీలం నీళ్ళు. "ఒక్క రోజులో కోట, చర్చి, అడివి, బీచి అన్నీ అయిపోతాయి మామా" అన్నాడు. అంతవరకు ఓర్చుకున్నాను. ఫ్రాన్స్‌లో కమార్గ్ అనే చోట టికెట్టు కొని మరీ చూశానని గులాబీ రంగు ఫ్లెమింగోల గుంపు చూపించాడు చూడండి, అక్కడ కాలింది నాకు.

"రేయ్, ఇవి చలికాలం మన పులికాట్‌కి వచ్చే పక్షులేరా! జాతి కూడా అదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి బస్సులో పోతా ఉంటే, కిటికీలోంచి ఉమ్మేసేదానికి తల బయటపెట్టినోడికి గూడా కనపడతాయి. కోటంటావా, చంద్రగిరి ఉండాది. అడివంటావా, తలకోన ఉండాది, 270 అడుగుల జలపాతంతో సహా. ఇప్పుడు సముద్రం గూడా ఉండాది. రేపే పోదాం."

మా ఇంటామె ఇంకో మాట లేకుండా పులిహోరకి చింతపండు నానబెట్టింది.

సముద్రం తూర్పున ఉంది, చంద్రగిరి పడమర ఉంది. అయినా మధ్యధరాను ఓడించాలంటే కోటతో మొదలెట్టాల్సిందే. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న రాజమహల్ ముందు నిలబెట్టి వాడికి అసలు కథ చెప్పాను. 1639లో ఫ్రాన్సిస్ డే అనే కుంఫిణీ ఉద్యోగి, చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాజుల సామంతులు దామర్ల నాయకుల దగ్గర, సముద్రపు ఒడ్డున ఇంత ఇసక నేల సంపాదించాడు. అదే మద్రాసయింది. అంతకు ముందు ఆ కుంఫిణీవాళ్ళ మకాం ఆర్మగాన్, అంటే వాకాడు మండలంలోని మన దుగరాజపట్నం.

వాడు వేళ్ళ మీద లెక్కేశాడు. "అంటే మామా, మనోళ్ళు మెరీనా బీచి ఇచ్చేసి, 383 ఏండ్లు ఆగి తూపిలిపాలెం తీసుకున్నారా?"

చదువుకున్న పిల్లలతో ఇదే బాధ. పోనీ 1960లో హద్దులు మార్చుకున్నప్పుడైనా తిరుత్తణి మద్రాసుకిచ్చి సత్యవేడు వైపు తెచ్చుకున్నాం గదా, ఆ గీత ఇంకాస్త తూర్పుకి జరిగుంటే అప్పుడే తడిసేవాళ్ళం. నీళ్ళ పంపకాల్లో సీమకు ఎప్పుడూ ఇంతే.

కాళహస్తి మీదుగా పోతూ వాయులింగాన్ని చూడకుండా పోవడం మా ఇంటామె దృష్టిలో నేరం. దిగాం. మావాడు చూసొచ్చిన మధ్యధరా చర్చిల్లో పది నిమిషాలు పైకప్పు చూసి బయటికి వచ్చేస్తారట. మనకు గుడి అంటే చూసేది కాదు, నిలబడేది. మధ్యాహ్నం దాకా నిలబడ్డాం.

పులికాట్ నడుమ వేసిన రోడ్డు మీద కారాపి చూపించాను. దూరంగా నీళ్ళలో వందల పక్షులు. "తెల్లగా ఉండాయే? కమార్గ్‌లో దగ్గరికొస్తాయి" అని మూతి ముడిచాడు. "ఇది మహాలఘు దర్శనం, ఇంతే దూరం" అన్నాను. అంతలో ఓ గుంపు లేచి రెక్కలు విప్పింది. లోపలి గులాబీ రంగంతా ఒక్కసారి బయటపడింది. వాడు నోరు మూసుకుని ఫోన్ తీశాడు. అదే రోడ్డు చివర రాకెట్లు ఎగిరే షార్ ఉంది. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు రాకెట్టు నమూనాను తిరుమలకి తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టి పోవడం మాకు ఎప్పటినుంచో తెలిసిందే. మేం కోస్తాకి రాకముందే కోస్తా మా దగ్గరికి వస్తూ పోతూ ఉంది, గెజిట్‌తో పని లేకుండా.

తూపిలిపాలెం చేరేసరికి ఎండ వాలింది. మా ఇంటామె నీళ్ళు నెత్తిన చల్లుకుని గోవిందా అంటూ మూడు మునకలేసింది. మావాళ్ళకి నీళ్ళు కనిపిస్తే ఈత గుర్తుకు రాదు, పుణ్యం గుర్తుకొస్తుంది. గట్టుకొచ్చి చూస్తే అల్లుడు చొక్కా విప్పి, నల్లద్దాలు పెట్టుకుని ఇసకలో వెల్లకిలా పడున్నాడు.

"అయ్యో, పిల్లోడు పడిపోయినాడే!" అని తడి చీరతోనే నిమ్మకాయ కోసం పరిగెత్తింది. ఆ దేశాల్లో ఇలా ఎండలో పడుకోవడానికే డబ్బు పోసి వస్తారని వాడు చెప్తే నమ్మలేదు. తిరుపతిలో మే నెలంతా గడిపిన మనిషి ఆ మాట ఎలా నమ్ముతుంది?

ఆ గోలకి, వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన దగ్గరికొచ్చాడు. "యా ఊరు సామీ?" అన్నాడు. తిరుపతి అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు మనదంతా ఒకే జిల్లా గదా! మా పాపకి పెండ్లయింది, దర్శనానికి ఒక సిఫారసు లెటర్ ఇప్పియ్యకూడదా?"

ప్రపంచంలో ఏ తీరానికి పోయినా తిరుపతివాణ్ణి అడిగేది ఇదే. నేను నీళ్ళు నమిలాను. ఆయన ఊరికే అడగలేదు, పక్కనే ఉన్న బుట్ట మూత తీసి అరచేయంత రొయ్యలు చూపించాడు.

"శనివారం సామీ, మేం ముట్టం" అంది మా ఇంటామె.

అల్లుడు నల్లద్దాలు తీసి, వాచీ చూసుకుని లేచి కూర్చున్నాడు. "ఇంకో ఆరు గంటలు ఆగితే ఆదివారమే గదా అత్తా?"