కాటా చీటికి టీకాతాత్పర్యములు

మూలము: గ్రాసు 24,620. టేరు 9,180. నెట్టు 15,440.

అవతారిక. కాళిదాసు కావ్యములకు మల్లినాథసూరి వ్యాఖ్య వ్రాసెను గాని, తాడేపల్లిగూడెములో ధాన్యపు లారీ వేబ్రిడ్జి దిగినవెంటనే గుమాస్తా కిటికీలోనుండి చింపి యిచ్చు చీటికి వ్యాఖ్య వ్రాసిన పుణ్యాత్ము డొక్కడును నా కంటబడలేదు. దాళ్వా మాసూళ్ల కాలమున, ఏలూరు మొదలు ఆకివీడు దాక, ఈ మూడు ముక్కలను చదివినంత శ్రద్ధతో పురాణము చదువువారు లేరు. చదివి కలహించువారికి మాత్రము కొదువ లేదు. ఏటేట నిన్ని జగడములకు మూలమగుచున్న గ్రంథమునకు టీక లేకుండుట తగదని తలచి యీ పనికి గడంగితిని.

టీక. గ్రాసు = సరకుతో గూడిన లారీ బరువు; టేరు = సరకు దించిన పిదప వట్టి లారీ బరువు; నెట్టు = మొదటిదానిలో రెండవదానిని తీసివేయగా మిగిలిన ధాన్యము, అనగా 75 కిలోల బస్తా లెక్కను 205 బస్తాలు, ఆపై 65 కిలోలు. ఇంతవరకు పదార్థము సుగమము. మర్మమంతయు 24,620 అను సంఖ్య యెక్కడనుండి పుట్టెనను దానిలో నున్నది.

అన్వయము. లారీ నిలిచిన యినుపబల్లకు బరువన నేమో తెలియదు. దాని క్రింద నాలుగు మూలలను, నడుమ నిరుప్రక్కలను దాగియున్న లోడ్‌సెల్లులకును తెలియదు. లోడ్‌సెల్లనగా నొక యుక్కుదిమ్మ. నిండుబరువు పైబడినను దాని దేహము వేయింట నొకపాలు మాత్రమే సాగును లేదా నొక్కుకొనును. ఎంత తీక్ష్ణదృష్టి గలవాడైనను దీనిని కంటితో పట్టజాలడు. ఆ దిమ్మకు, కాగితముకంటె పలుచనైన లోహపు రేకును జంతిక తిప్పినట్లు మెలికలు మెలికలుగా తీర్చి, బంకతో నంటించి యుందురు. ఉక్కు సాగినచో రేకును సాగి సన్నబడును. సన్నబడిన త్రోవను విద్యుత్తు నడచుట కష్టమగుటచే నిరోధము పెరుగును. ఉక్కు నొక్కుకొన్నచో నిరోధము తరుగును. తీగను సాగదీసినచో నిరోధము మారునని కెల్విన్ ప్రభువు 1856లోనే చూపెను. ఆ తీగను వస్తువునకే యంటించి కొలుచు నుపాయము మాత్రము 1938లో గాని, అమెరికాలో సిమన్స్, రూజ్ అను నిరువురకు, ఒకరి పని యొకరికి తెలియకయే, తోచలేదు. నడుమ నెనుబదియేండ్లకు పైగా ఆ సత్యము గ్రంథములలో ఊరకుండెను.

అయితే మార్పు మిక్కిలి యల్పము. 350 ఓముల రేకులో నిండుబరువునకు కలుగు భేదము ఒక్క ఓమైనను నిండదు. దానిని తిన్నగా కొలువబోవుట వృథాప్రయాస. కావున నాలుగు రేకులను చతురస్రముగా కూర్చి, రెండు సాగునట్లును రెండు నొక్కుకొనునట్లును దిమ్మపై నంటింతురు. పై బరువు లేనంతవరకు రెండు ప్రక్కలును సరితూగి నడుమ వోల్టేజి శూన్యము. బరువు పడినతోడనే తూకము చెడి, ఆ చెడిన మేర వోల్టేజి పొడసూపును. దీనికి వీట్‌స్టన్ బ్రిడ్జి యని పేరు. కల్పించినవాడు క్రిస్టీ, 1833లో. పదియేండ్లకు దానిని లోకమున ప్రచారము చేసినవాడు వీట్‌స్టన్. కృతి యొకరిది, కీర్తి యొకరిది యగుట మన సాహిత్యమునకును క్రొత్త గాదు. ఈ కూర్పున మరియొక సుగుణము కలదు: ఏలూరి యెండలకు ఉక్కు కాగినను, నాలుగు రేకులును సమముగా కాగుటచే వాని తూకము చెడదు. పది వోల్టులు లోపలికి పంపినచో, సెల్లుపై నిండుబరువు పడినప్పుడు బయటికి వచ్చునది సాధారణముగ ఇరువది మిల్లీవోల్టులు. దానిని పెంచి, అంకెగా మార్చి, గుమాస్తా యెదుటి పెట్టెలో నెఱ్ఱని యక్షరములుగా చూపుదురు.

విశేషము. చీటిలో చివరి యంకె తరచుగ సున్నయే యగుట పాఠకులు గమనించి యుందురు. ఇది గుమాస్తా సోమరితనము గాదు. ముప్పది టన్నుల సెల్లు లారింటిమీద బల్ల నిలిచినదనుకొనుడు. అప్పుడు పది కిలోలకు కలుగు వోల్టేజి మిల్లీవోల్టులో సుమారు వేయవ వంతు. అంతకు దిగువ యంకె చెప్పుటకు యంత్రమునకు ధైర్యము లేదు, ఉండదగదు కూడ. మూడు కిలోల కొఱకు కాటాకడ జగడమాడువాడు గణితముతో జగడమాడుచున్నాడు.

శంక. కాటా యెన్నడు నబద్ధ మాడదా? సమాధానము: తాను మోసిన బరువే చెప్పును, అన్ని బరువులును తనదాక వచ్చినవో లేవో యెఱుగదు. బల్లకును గోడకును నడుమ బురద గట్టిపడినచో కొంత బరువు గోడయే మోయును, అంకె తగ్గును. వానకాలమున తీగలు కలియు పెట్టెలోనికి చెమ్మ దిగినచో అంకె స్థిరముగా నిలువదు. ఎలుకలు తీగ కొఱుకుటయు కలదు. వీని నన్నింటిని మించినది క్లీనరు మతము. గ్రాసు వేళ డ్రైవరును క్లీనరును లోపల కూర్చుండి, టేరు వేళ టీకొట్టుకడ నిలిచిరేని, ఆ యిరువురును ధాన్యములో చేరి మిల్లునకు అమ్ముడుపోవుదురు. రెండు తూకములును సత్యములే, తీసివేతయే యసత్యము.

కొలువదలచినదానిని విద్యుత్తుగా మార్చు నీ విద్యయే యితరస్థలముల వేషము మార్చును. తేమమీటరున గింజలలో నీటిపాలు హెచ్చినకొలది విద్యుద్ధారణశక్తి హెచ్చును; సర్కారు కొనుగోలున 17 శాతము దాటెనో లేదో తేలునది దానివలననే. కొల్లేటి చేపలచెరువు గట్టున ప్రాణవాయువును కొలుచు మీటరున, నీటిలో కరగిన వాయువు పలుచని పొరగుండ దూరి లోపలి లోహముకడ చిన్న ప్రవాహముగా మారును. తెల్లవారుజామున అంకె కనిష్ఠముగ నుండును. శీలావతి, బొచ్చె నీటిపై నోరు తెరచువేళ యదియే.

తాత్పర్యము. అయ్యా, రైతుసోదరులారా, లారీ బల్ల యెక్కకమున్ను గుమాస్తా యెదుటి పెట్టెలో సున్న కనబడుచున్నదో లేదో చూడుడు. రెండు తూకములకును మనుషులను లోపలనో వెలుపలనో ఒకేతీరున నుంచుడు. తూనికలు కొలతల శాఖవారి ముద్ర యే తేదీదో యడుగుడు. 2009 నాటి తూనికలు కొలతల చట్టము క్రింది నియమముల ననుసరించి ప్రతి పండ్రెండు మాసములకు ప్రామాణికపు గుండ్లతో పరీక్షింపబడని కాటామీద తూచుకొనవలసిన యగత్యము మీకు లేదు.