నీరసానికి తలకిందుల సలహాలు

రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించుకుని వచ్చిన ఆడమనిషికి మన ఇళ్లలో వినిపించే మాటలు ఇవి. పడుకో. ఆ చేత్తో చెంబు కూడా ఎత్తకు. రక్తం పట్టాలి, బీట్‌రూట్ రసం తాగు. గండం గడిచింది కదా, ఇంకా నీరసం నీరసం అనకు. చెప్పేవాళ్లది ప్రేమే, సందేహం లేదు. నేను చెప్పబోయేవి మాత్రం దాదాపు అన్నీ వీటికి ఎదురు. కొన్ని మొండి మాటల్లా తోస్తాయి, కొన్ని వింటే ఇంట్లో పెద్దవాళ్లకు కోపమూ వస్తుంది. అయినా చెప్పాలి. ఈ నీరసం విషయంలో ప్రేమతో ఇచ్చిన సలహా కూడా మనిషిని మంచానికే కట్టేస్తుంది.

ముందుగా, చికిత్స అయిపోయింది కాబట్టి నీరసమూ పోవాలి అని గడువు పెట్టుకోకండి. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జూలియన్ బవర్, పాట్రీషియా గాంజ్ బృందం రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 1,957 మందిని అడిగి, 2000లో ఫలితాలు ప్రచురించింది. సుమారు మూడోవంతు మంది తీవ్రమైన అలసటతో ఉన్నారు. వాళ్లలో కొందరిని కొన్నేళ్ల తర్వాత, అంటే జబ్బు బయటపడిన 5 నుంచి 10 ఏళ్ల మధ్యలో మళ్లీ అడిగితే, అప్పుడూ మూడోవంతు మంది అదే మాట చెప్పారు. రాత్రంతా పడుకుని లేచినా తీరని అలసట ఇది. బద్ధకం కాదు, నటన కాదు, మనోబలం లేకపోవడమూ కాదు.

ఆ బృందమే అలసట ఉన్నవాళ్ల రక్తాన్ని లేనివాళ్ల రక్తంతో పోల్చి చూసి, 2002లో ఫలితాలు ప్రచురించింది. అలసట ఉన్నవాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు, అంటే దెబ్బకో క్రిమికో ఒళ్లు ఎదురు తిరిగేటప్పుడు రక్తంలో కనిపించే గుర్తులు, ఎక్కువగా కనిపించాయి. దీని వెనక ఉన్న సంగతి మనందరికీ ఒంటితో తెలిసినదే. వైరల్ జ్వరం వస్తే అన్నం సయించదు, మాట్లాడబుద్ధి కాదు, దుప్పటి కప్పుకుని మూలకు ఒదిగిపోతాం. అలా పడుకోబెట్టేది వైరస్ ఒక్కటే కాదు. రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లనే రసాయనాలు మెదడుకు కబురు పంపుతాయి: ఉన్న శక్తిని పోరాటానికి దాచు, మిగతా పనులు ఆపు. జ్వరంలో అది మంచిదే. కీమో, రేడియేషన్ల వల్ల కణజాలం దెబ్బతిన్నప్పుడు కూడా ఇవే కబుర్లు వెళతాయి. కొందరిలో చికిత్స ఆగాక కూడా అవి సన్నగా, నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగుతూ ఉంటాయి. థర్మామీటరుకు అందని స్థాయి అది. అయితే ఇన్‌ఫ్లమేషన్ ఒక్కటే కారణమని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి. చెడిన నిద్ర, దిగులు, చికిత్సతో ముందే వచ్చిన మెనోపాజ్, వాడుతున్న మాత్రలు, పెరిగిన బరువు, అన్నీ ఇందులో చేయి వేస్తాయి.

ఇక అసలు సలహా. ఓపిక లేనప్పుడే లేచి నడవండి.

ఇది క్రూరంగా వినిపిస్తుందని నాకు తెలుసు. కానీ అందరికీ నొక్కి చెప్పాల్సిన సలహా ఏదైనా ఉంటే ఇదే. 2017లో జామా ఆంకాలజీ పత్రిక 113 పరిశోధనలను, 11 వేలకు పైగా క్యాన్సర్ రోగుల ఫలితాలను కలిపి చూసిన వ్యాసం ఒకటి ప్రచురించింది. అలసటను తగ్గించడంలో వ్యాయామం, మానసిక సలహా చికిత్స మందులకంటే బాగా పనిచేశాయి. విశ్రాంతితో జ్వరం నీరసం తీరుతుంది. ఈ నీరసం విశ్రాంతితో ముదురుతుంది. పడుకున్నకొద్దీ కండ కరుగుతుంది, కండ కరిగితే రెండు మెట్లెక్కినా ఆయాసం, ఆయాసం వచ్చిందని మళ్లీ పడక. పనిచేసే కండరం ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే రసాయనాలు విడుదల చేస్తుంది. పేరుకున్న కొవ్వు దాన్ని రేపేవి విడుదల చేస్తుంది.

ఎంత నడవాలి? అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణుల బృందం 2019లో ప్రచురించిన లెక్క వారానికి 3 రోజులు, రోజుకు 30 నిమిషాలు, కనీసం 12 వారాలు. మొదటి రోజే అరగంట అక్కర్లేదు. గేటు దాకా వెళ్లి రండి, అదీ నడకే. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగం అంత చాలు. నడక పడనివాళ్లకు యోగా ఉంది. బవర్ బృందమే 2012లో ప్రచురించిన పరిశోధనలో, తగ్గని అలసటతో ఉన్న స్త్రీలకు 12 వారాల అయ్యంగార్ యోగా నేర్పించి చూస్తే, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్లకంటే వీళ్ల అలసట బాగా తగ్గింది. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ తీర్చిదిద్దిన పద్ధతి అది. కుర్చీలు, దుప్పట్లు, దిండ్ల ఆసరాతో చేయిస్తారు కాబట్టి ఒంట్లో సత్తువ లేనివాళ్లకు సరిగ్గా కుదురుతుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ 200 మందితో చేసి, 2014లో ప్రచురించిన పరిశోధనలో, వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు యోగా చేసినవాళ్లలో, ఆ తర్వాత 3 నెలలకు అలసటతో పాటు రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు కూడా తక్కువగా ఉన్నాయి.

దీనికి జోడీ సలహా ఇంకా తలకిందులు. ఓపికగా ఉన్న రోజున పని తగ్గించండి. ఒక్క మంచి రోజు దొరికితే చాలు, బీరువా సర్ది, పచ్చడి పెట్టి, చుట్టాలింటికి వెళ్లి వచ్చేస్తారు. జీతం పడిన రోజే సంతకు వెళ్లి అంతా ఖర్చు చేసినట్టు, తర్వాతి మూడు రోజులు ఒంట్లో ఏమీ మిగలదు. మంచి రోజుకూ చెడ్డ రోజుకూ నడక దాదాపు ఒక్కలాగే ఉండనివ్వండి.

ఆపరేషన్ అయిన వైపు చేతికీ పని చెప్పండి. చంకలో లింఫు గ్రంథులు తీసేశాక చేయి వాస్తుందన్న భయం నిజమైనదే. కానీ 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో క్యాథ్రిన్ ష్మిట్జ్ బృందం ప్రచురించిన పరిశోధనలో, అప్పటికే చేయి వాచిన 141 మందిలో సగం మంది వారానికి రెండుసార్లు బరువులెత్తారు. వాపు పెరగలేదు సరికదా, అది తిరగబెట్టడం తగ్గింది. శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణలో, చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచారు, చేతికి బిగుతు తొడుగు వేసుకున్నారు. నిండు గ్యాస్ సిలిండరును ఒక్కసారిగా లాగడం దీని కిందికి రాదు.

పడక మీద గడిపే గంటలు తగ్గించండి. రాత్రి నిద్ర పట్టలేదని పొద్దున తొమ్మిదింటి దాకా దొర్లితే ఆ రాత్రీ నిద్ర రాదు. ఎప్పుడు నిద్రపోయినా ఒకే వేళకు లేవండి. నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చోండి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి.

బలాన్ని సీసాల్లో కొనకండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనతతో ఉన్నారని 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాబట్టి హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ చూపించుకోవలసిందే. థైరాయిడ్ కూడా, ముఖ్యంగా మెడ దగ్గర రేడియేషన్ పడినవాళ్లు. లోపం తేలితే డాక్టరు చెప్పిన మందు వాడండి. తేలకుండా టానిక్కులు వద్దు. ఇన్‌ఫ్లమేషన్ అన్నారు కదా అని పసుపు గోలీలు మింగడం మరీ ప్రమాదం. కూరలో పసుపుకు ఏ అభ్యంతరమూ లేదు, గాఢమైన కర్‌క్యుమిన్ మాత్రలు మాత్రం కొందరి కాలేయాన్ని దెబ్బతీశాయి, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా వాడే టామాక్సిఫెన్ పనినీ కొంత తగ్గించవచ్చు. అశ్వగంధతోనూ కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. కీమో రోజుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు ఎంత హుషారుగా ఉండేదో గుర్తుండి, ఆ మాత్రే మళ్లీ కొనుక్కునేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను: నెలల తరబడి వాడితే అది కండను తినేస్తుంది, షుగర్ పెంచుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను కొలిచే సి.ఆర్.పి. పరీక్ష చేయించుకుని మీ నీరసం నిజమో కాదో తేల్చుకోవాలనీ చూడకండి. ఆ అంకె మామూలుగానే ఉన్నా నీరసం నిజమే.

టామాక్సిఫెన్, లెట్రోజోల్ మాత్రల వల్లే అలసట అనిపించవచ్చు, కొంత నిజం కావచ్చు కూడా. మీకు మీరుగా ఆపకండి. మార్చమని డాక్టరును అడగండి.

ధైర్యంగా ఉండకండి, కనీసం డాక్టరు గదిలో. ఎలా ఉన్నారమ్మా అంటే బాగానే ఉన్నాను సార్ అని వచ్చేస్తే ఆ రెండు నిమిషాలు వృథా. 0 నుంచి 10 వరకు ఒక అంకె చెప్పండి. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే వివరంగా పరీక్షించాలన్నది అమెరికా క్యాన్సర్ నిపుణుల మార్గదర్శకాల్లో ఉన్న మాట. అంకెతో పాటు ఆగిపోయిన పని చెప్పండి: బియ్యం కడిగాక కూర్చోవలసి వస్తోంది, బట్టలు ఆరేయలేకపోతున్నాను. ఆయాసం, కాళ్ల వాపు, గుండెదడ ఉంటే నడక మొదలుపెట్టకముందే చెప్పండి. అడ్రియామైసిన్, ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందులు తీసుకున్నవాళ్లలో అది గుండె సంగతి కావచ్చు, గుండెకు ఎకో స్కాన్ తీయాలి. కొత్తగా ఎముకల నొప్పి, కారణం లేకుండా తగ్గే బరువు, బతకాలని లేదన్న ఆలోచన, వీటిని తర్వాతి అపాయింట్‌మెంటు దాకా దాచకండి.

భర్తలకూ పిల్లలకూ ఒక మాట. పనులన్నీ ఆమె చేతిలోంచి లాగేసుకోకండి. వంట తనే చేస్తానంటే చేయనివ్వండి, గిన్నెలు మీరు తోమండి. ఫలానా ఆవిడ ఆరు నెలలకే ఉద్యోగానికి వెళ్లిందట అన్న కబురు ఇంట్లోకి తేకండి. సాయంత్రం నడకకు తోడు వెళ్లండి, ఆమె ఎక్కడ ఆగుదామంటే అక్కడ ఆగండి, మర్నాడు మళ్లీ వెళ్లండి.