విసంధి బావగారు

ఐండ్‌హోవెన్‌లో నలుగురు తెలుగువాళ్లు చేరితే అందులో ఒకరు ఈ బావగారే అయివుంటారు. డచ్చివాళ్లు రెండు మూడు మాటల్ని సందు వదలకుండా అతికి రాస్తారు. అతుకు ఎక్కడుందో చెప్పరు. అది పట్టుకోవడమే ఈయన అసలు ఉద్యోగం. జీతమొచ్చేది వేరే ఉంది.

పులిహోరలో పులిని వెతికే రకం. ‘వల్కౌల్’ అన్న మాట కనబడితే చాలు, కారాపేస్తారు. ‘వల్-కౌల్’ అంటే పడదోసే గొయ్యి. ‘వల్క్-ఔల్’ అని విరిస్తే డేగా, గుడ్లగూబా! ‘బొమ్మెల్డింగ్’లో బొమ్మ లేదు. అది ‘బొమ్-మెల్డింగ్’, అంటే బాంబుందన్న కబురు. నిజంగా ఆ కబురొచ్చిన రోజున కూడా ఈయన అతుకు చూపించాకే ఇంటిల్లిపాదినీ పరిగెత్తనిస్తారని అక్క దిగులు.

మర్దన బల్ల సంగతి మరీ చోద్యం. ‘మసాజె-బెట్’ అని చదివితే బల్ల. అవే అక్షరాల్ని ‘మసా-ఖెబెట్’ అని విరిస్తే సామూహిక ప్రార్థన! మెత్తటి జకారం కాస్తా గొంతు గీరే ఖకారమై కూర్చుంటుంది. చివర రాసేది ‘డ్’, పలికేది ‘ట్’.

ఒప్పుకోవాలి, ఆయన మాటల్లో సరుకుంది. చేతిరుమాలుకున్న డచ్చి పేరుని ‘జక్’, ‘దూక్’ అని విడదీసి, కలిపి పలికితే ‘జగ్దూక్’ అవుతుందని చూపించి, ‘‘వాక్, దానం కలిస్తే వాగ్దానం కాదుటోయ్?’’ అన్నప్పుడు బావమరిది (అంటే ఈ ముక్కలు రాస్తున్నవాడు) నోరు తెరిచాడు.

అదే నోటితో అట్ల దుకాణంలో ‘పన్నెన్‌కూక్’ అన్నందుకు పరువు పోయింది. ‘కూక్’ ముందున్న నకారాన్ని రాతలో చేర్చింది 1995 సంస్కరణ అనీ, పలుకులో చాలామంది మింగేస్తారనీ వడ్డించే అమ్మాయి ముందే పాఠం. అట్టు చల్లారిపోయింది.

మరి ఆయన ఉచ్చారణో? భయంతో వేసే కేకని ‘ఆంగ్స్ట్‌స్ఖ్రేవ్’ అంటారు. రాతలో వరసగా 8 హల్లులు. ఎక్కడ విరవాలో బావగారికి కరతలామలకం. తీరా నోరు విప్పితే ‘ఆంగుస్టు స్కురేవు’ అని వస్తుంది, కృష్ణ ఒడ్డున పడవలాగే చోటు పేరులా.

‘డెయ్క్రంప్’ని ‘డెయ్క్-రంప్’ అంటే గట్టు తెగిన విపత్తు. 1953 వరదలో 1,836 మంది పోయిన దేశంలో దాంతో వేళాకోళం కూడదని ఆయనే అంటారు. ‘డెయ్-క్రంప్’ అంటే తొడ పట్టేయడం. మొన్న ఆదివారం సరిగ్గా అలాంటి గట్టు మీదే సైకిలాపి, బావమరిది తొడ పట్టుకుని కూలబడ్డాడు. బావగారు రుద్దుతూనే, ‘‘ఏమోయ్, ఎక్కడ విరవాలి?’’ అన్నారు.

‘‘డెయ్... క్రంప్’’ అన్నాడు పళ్లు బిగించి.

ఆయన తొడ వదిలేసి, ఈ శుభవార్త చెప్పడానికి అక్కకి ఫోన్ చేశారు.