మీట తుపాకీ కడుపుమంట

తన కథ చెప్పమంటే ఆ తుపాకీ బడాయితోనే మొదలుపెడుతుంది. ఇంటిపేరు విన్‌చెస్టర్, పేరు మోడల్ 94. జాన్ బ్రౌనింగ్ గీసిన నమూనా 1894లో బజారుకొచ్చింది. ఇది మటుకు 1951లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టింది. తమ వంశంలో పది లక్షలోది 1927లో ప్రెసిడెంట్ కూలిడ్జ్ చేతికి, పదిహేను లక్షలోది 1948లో ట్రూమన్ చేతికి వెళ్ళాయని, వినేవాళ్ళుంటే రెండేసిసార్లు చెబుతుంది. తను వెళ్ళింది మాత్రం ఏడాదికోసారి జింకల వేటకు పోయే ఓ రైతు ఇంటికి.

ఆ రోజులే రోజులంటుంది. బరువు మూడు కిలోలు, అటూ ఇటూగా. నడుం దగ్గర పట్టుకుంటే ఒంటిచేత్తో మోసుకుపోవచ్చు. కింద పొడుచుకొచ్చే పెట్టె లేదు. గొట్టం కింద ఇంకో గొట్టంలో ఆరు తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. ఒకదాని ముక్కు ఇంకోదాని అడుగుకు ఆనుతుంది గనక మొన తేలినవి ప్రమాదం, మొద్దు ముక్కువే కావాలి. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న మీటను కిందికి తోస్తే ఖాళీ డొప్ప ఎగిరిపోతుంది, సుత్తి ఎక్కుతుంది. వెనక్కి లాగితే కొత్త తూటా చేరుతుంది. ఆ రెండు చప్పుళ్ళ కోసమే ఈనాటికీ జనం ఆదివారం పూట డబ్బులు తగలేసి ఇనప పళ్ళేలు మోగిస్తారు. వేగమే కావాలంటే వేరేవి బోలెడున్నాయి. ఇక్కడ గుండు గుండుకీ చెయ్యి ఆడాలి, అదే సరదా.

రైతు పోయాక మనవడి పాల పడింది. దాని కడుపుమంటంతా అతని మీదే. టెలిస్కోపు బిగించాలని దాని ఉక్కు ఒంటికి నాలుగు బెజ్జాలు పొడిపించాడు. డొప్పలు నెత్తిమీంచి ఎగిరే తుపాకీకి నెత్తిన టెలిస్కోపా! పేల్చినప్పుడల్లా డొప్ప పోయి దానికే కొట్టుకునేది. పక్కకు విసిరేది కావాలంటే మార్లిన్ 336 కొనుక్కోవచ్చుగా అని ఇప్పటికీ గొణుగుతుంది. రెండు వారాల్లో మోజు తీరింది. స్పాంజి పరిచిన పెట్టెలో పెట్టి నేలమాళిగలోకి దించాడు. స్పాంజి చెమ్మ పీల్చింది, పీల్చిందంతా దీనికే పూసింది. పదకొండేళ్ళు. ఎవరు మెట్లు దిగినా తన కోసమే అనుకునేది. వాళ్ళు క్రిస్మస్ దీపాల కోసం వచ్చేవాళ్ళు.

అమ్మకానికి పెట్టిన రోజునే తన విలువ తెలిసింది. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతి మార్చేశారు, అంతకుముందు పుట్టినవాటికి గిరాకీ ఎక్కువ. దుకాణదారు ముందు మురిశాడు. బెజ్జాలు చూసి పెదవి విరిచాడు.

జాన్ వేన్ పేరు చెక్కించుకున్న దాని చెల్లెళ్ళు కొన్ని ఒక్క గుండైనా పేల్చకుండా అట్టపెట్టెల్లోనే మెరుస్తూ కూర్చున్నాయి. వాటి గురించి మాట్లాడేటప్పుడు దాని గొంతులో అసూయ ఎంతో, జాలి ఎంతో చెప్పడం కష్టం.

కొన్నతనికి కౌబాయ్ షూటింగ్ పోటీల పిచ్చి. ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణలా టోపీ, బూట్లు, పైగా ఓ మారుపేరు. అయితే సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ వాళ్ళ అసలు పోటీలో పిస్తోలు తూటాలు పేల్చే రైఫిళ్ళకే చోటు. దీనివి వేటతూటాలు. అందుకని అతను ఇటలీలో చేసిన 1873 మోడల్ నకలును చంకనెట్టుకుపోతాడు. న్యూ హేవెన్ బిడ్డ ఇంట్లో, ఇటలీ నకలు గోదాలో!

పోటీల్లేని ఆదివారాలు మాత్రం దీనివే. టెలిస్కోపు ఎప్పుడో పీకేశాడు, బెజ్జాలకు మరలు బిగించాడు, కీళ్ళలో నూనె పోశాడు. నూరు గజాల అవతల పళ్ళెం మోగింది. మీట దిగింది. వేడి డొప్ప నేరుగా పైకి లేచి అతని కొత్త టోపీ మీద పడింది.